డీఎన్‌ఏ కిట్ కొంటున్నారా? ఉమ్మి మీదే, డేటా మాత్రం ఇంటిల్లిపాదిదీ

స్మార్ట్‌వాచ్ పాతబడింది. స్మార్ట్ రింగ్ కూడా చూసేశాం. నానక్‌రామ్‌గూడ టెక్ పార్కుల ఫుడ్ కోర్టుల్లో హెల్త్ గ్యాడ్జెట్ల మాట వస్తే ఇప్పుడు చర్చ డీఎన్‌ఏ కిట్ దాకా వెళ్తోంది. దీనికి చార్జింగ్ అక్కర్లేదు, బ్లూటూత్ అక్కర్లేదు. చిన్న ట్యూబులో ఉమ్మి నింపడమో, బుగ్గ లోపల పుల్ల తిప్పడమో చేసి కొరియర్‌కి ఇచ్చేస్తే చాలు. కొన్ని వారాలకు యాప్‌లో రిపోర్టు వస్తుంది. మీకు షుగర్ రిస్క్ ఎంత, కాఫీ పడుతుందా, బట్టతల వస్తుందా, మీ ముత్తాతల ముత్తాతలు ఎక్కడివాళ్లు అన్నీ అందులో ఉంటాయి.

ఫోన్ రివ్యూలో కెమెరా శాంపిల్స్ చూపిస్తాం, బెంచ్‌మార్క్ స్కోర్లు చూపిస్తాం. ఈ బాక్సుని అలా రివ్యూ చేయడం కుదరదు. ఎందుకంటే ఫోన్ నచ్చకపోతే డేటా తుడిచేసి అమ్మేయొచ్చు. ఇక్కడ ఫ్యాక్టరీ రీసెట్ లేదు. అయినా స్పెసిఫికేషన్లు అడగడం మానక్కర్లేదు కదా. అక్కడి నుంచే మొదలుపెడదాం.

అసలు ఇది ఏం చదువుతుంది?

మనిషి జీనోమ్‌లో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటాయి. కన్స్యూమర్ కిట్లలో చాలావరకు వాడేది జీనోటైపింగ్ చిప్. ముందే ఎంచిపెట్టుకున్న ఆరేడు లక్షల చోట్ల ఏ అక్షరం ఉందో మాత్రమే ఇది చూస్తుంది. లెక్కేస్తే పదివేల అక్షరాల్లో రెండు. లావుపాటి పుస్తకం తెరిచి, ఫలానా పేజీలో ఫలానా లైన్లో ఏ అక్షరం ఉందో చూసి మూసేయడం లాంటిదన్నమాట. హోల్ జీనోమ్ సీక్వెన్సింగ్ అయితే పుస్తకం దాదాపు మొత్తం చదువుతుంది, దాని ధర వేరు. బాక్సు మీద 'డీఎన్‌ఏ టెస్ట్' అని ఉంటే ఈ రెండిట్లో ఏదో ముందు అడగండి. ప్రాసెసర్ పేరు చెప్పకుండా ఫోన్ అమ్మితే ఊరుకుంటామా?

చిప్ తక్కువ చదువుతుంది కాబట్టి చెత్త అని కాదు. ఎక్కువమందిలో కనిపించే మార్పుల్ని అది బాగానే పట్టుకుంటుంది. తేడా వచ్చేది అరుదైన మార్పుల దగ్గర. మనం భయపడేవి కూడా ఎక్కువగా అవే. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, లక్షలో ఒకరికంటే తక్కువమందికి ఉండే మార్పు 'ఉంది' అని చిప్ చెప్పిన సందర్భాలను సీక్వెన్సింగ్‌తో సరిచూశారు. నిజమని తేలింది 16 శాతమే. అంతకుముందు 2018లో, ఇలాంటి కిట్ల రా డేటాలో ఉందన్న మార్పుల్ని ఒక అమెరికన్ ల్యాబ్ మళ్లీ టెస్ట్ చేస్తే 40 శాతం అసలు లేనే లేవు.

ఈ రా డేటా సంగతి మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. డౌన్‌లోడ్ చేస్తే అది మామూలు టెక్స్ట్ ఫైలే. ఒక్కో లైన్లో ఒక మార్కర్ పేరు, క్రోమోజోమ్ నంబరు, స్థానం, రెండు అక్షరాలు ఉంటాయి. ఫైల్ చేతిలో పడితే మన చేయి ఊరుకోదు. ఏదో ఉచిత సైట్లోనో, ఏఐ చాట్‌బాట్‌లోనో వేసి 'నాకేమైనా ఉందా' అని అడుగుతాం. అది తప్పు చదివిన అక్షరానికి కూడా ధీమాగా జబ్బు పేరు చెబుతుంది. పైగా ఆ ఫైల్ ఇంకో సర్వర్‌లో చేరిపోయింది.

ఉల్టా ప్రమాదం కూడా ఉంది. రొమ్ము క్యాన్సర్‌కి సంబంధించిన బీఆర్‌సీఏ జీన్ల రిపోర్టుకి అమెరికాలో 23అండ్‌మీకి 2018లో మొదటి అనుమతి వచ్చింది మూడే మార్పుల కోసం. ఆ మూడూ యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో ఎక్కువగా కనిపించేవి. 2023లో మరో 41 కలిపారు. ఆ రెండు జీన్లలో తెలిసిన హానికర మార్పులేమో వేలల్లో ఉన్నాయి. ఇంట్లో అమ్మకో పెద్దమ్మకో క్యాన్సర్ వచ్చిన అమ్మాయికి యాప్‌లో గ్రీన్ టిక్ కనిపిస్తే, దాన్ని చూసి డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేస్తే, ఆ టిక్ చేసిన నష్టం ఎవరు కట్టిస్తారు?

ఇక 'షుగర్ రిస్క్ సగటు కంటే ఎక్కువ' లాంటి స్కోర్లు. వందలు, వేల మార్పుల్ని కలిపి లెక్కగట్టేవి ఇవి. వీటి వెనకున్న పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో దాదాపు 79 శాతం యూరప్ మూలాల వాళ్లేనని 2019లో ఒక లెక్క తేల్చింది. అక్కడివాళ్ల మీద ట్యూన్ చేసిన ఫార్ములా మన మీద అంత కచ్చితంగా పనిచేయదు. నాన్నకీ తాతకీ షుగర్ ఉంటే ఆ ముక్క మీకు ముందే తెలుసు, ఫ్రీగా. కాఫీ పడదని రిపోర్టు వచ్చినా ఇరానీ చాయ్ మానేసినవాళ్లు నాకైతే ఇంకా తగల్లేదు.

మన ఊరి సైన్స్ ఏం చెబుతోంది?

డీఎన్‌ఏ విషయంలో హైదరాబాద్ వేరే ఊళ్ల వైపు చూడాల్సిన పని లేదు. ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీలో 1980ల చివర్లోనే లాల్జీ సింగ్ బృందం దేశీయంగా డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ తయారుచేసింది. కన్స్యూమర్ కిట్ల విషయంలో కూడా దేశంలో ముందు వరుసలో ఉన్న మ్యాప్‌మైజీనోమ్ ఇక్కడి కంపెనీయే. అను ఆచార్య స్థాపించారు, 2013లో 'జీనోమ్‌పత్రి' పేరుతో ప్రొడక్ట్ తెచ్చారు. జన్మపత్రి మీద పేరడీ. పేరు మాత్రం భలే కుదిరింది, జాతకం అంటే మనవాళ్లు ఎలాగూ డబ్బులు తీస్తారు! రిపోర్టుతో పాటు జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడే అవకాశం ఇవ్వడం ఆ ప్రొడక్ట్‌లో మంచి విషయం. ఏ కంపెనీ కిట్ అయినా సరే, కౌన్సెలర్ లేకుండా పీడీఎఫ్ మాత్రమే పంపేస్తే దాన్ని సగం ప్రొడక్ట్ కిందే లెక్కేస్తాను.

అసలు విషయం సీసీఎంబీ పేపర్లలో ఉంది. 2009లో సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకి చెందిన డేవిడ్ రైక్ కలిసి నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. మన దేశంలో ఇప్పుడున్న జనాల్లో చాలామంది రెండు పాత మూలాల కలయిక అని అందులో చూపించారు. ఉత్తర, దక్షిణ అన్న తేడా లేకుండా దాదాపు అందరిలోనూ రెండూ ఉన్నాయి, పాళ్లే వేరు. 'మా రక్తం స్వచ్ఛం' అనే వాట్సాప్ ఫార్వర్డులకి అప్పుడే జవాబు వచ్చేసింది.

అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా బయటపడింది. పెళ్లిళ్లు తమలో తామే చేసుకుంటూ వచ్చిన సమూహాల్లో, ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల దగ్గర మొదలైన మార్పులు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. మన తెలుగు రాష్ట్రాల వైశ్యులు దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. రెండు మూడు వేల ఏళ్లుగా ఆ సమూహంలోకి బయటివాళ్లు కలిసింది చాలా తక్కువ. దాని ఫలితం ఆపరేషన్ థియేటర్లో కనిపిస్తుంది. సర్జరీకి ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా కొన్ని నిమిషాల్లో దాని పని అయిపోతుంది, రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది. ఆ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి మాత్రం గంటలకొద్దీ ఊపిరి సొంతంగా అందదు, వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్లతో పోలిస్తే సుమారు 100 రెట్లు ఎక్కువ. మత్తుమందు డాక్టర్లకి ఇది తెలిసిన విషయమే.

ఇది వైశ్యులకే పరిమితం అనుకోవద్దు. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన అధ్యయనం దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో ఈ ప్రభావం ఫిన్లాండ్ వాళ్లకంటే, అష్కెనాజీ యూదులకంటే బలంగా ఉంది. వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలు దాటింది. దీనిమీద మనకి మేనరికాలు కూడా ఉన్నాయి. సీసీఎంబీ 2009లోనే బయటపెట్టిన ఇంకో మార్పు ఎంవైబీపీసీ3 అనే గుండె జీన్‌లో 25 అక్షరాలు ఎగిరిపోవడం. భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందికి ఉంది, గుండె కండరం జబ్బుతో దీనికి సంబంధం ఉందని ఆ అధ్యయనం చెప్పింది.

కిట్ కొనేముందు కస్టమర్ కేర్‌ని అడగడానికి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. 'ఆ ఎంజైమ్ లోపాన్ని, ఈ గుండె జీన్ మార్పుని మీ టెస్ట్ చూస్తుందా?' చూస్తుందంటే ఆ కంపెనీ మన మీద కొంత పని చేసినట్టు. 'సార్, హెయిర్ ఫాల్ చూస్తాం' అంటే మీకు అర్థమైపోతుంది.

అన్న అక్కడ ఉమ్మితే తమ్ముడు ఇక్కడ

అమెరికా కాన్సులేట్ 2023లో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకి వచ్చేసింది. ఆ గేటు ముందు లైను చూస్తే చాలు, ఇక్కడ ఎన్ని ఇళ్లకి అటువైపు ఒక మనిషి ఉన్నాడో తెలుస్తుంది. పండగ ఆఫర్లో 23అండ్‌మీ కిట్ కొని సరదాగా టెస్ట్ చేయించుకున్నది చాలాసార్లు ఆ మనిషే. ఆ రిపోర్టులో 'దక్షిణ భారతీయ, శ్రీలంక' లాంటి ఒక పెద్ద గీతలో మనల్నందరినీ కలిపేస్తే, 'ఇంతేనా, నల్గొండా గుంటూరూ చెప్పదా' అని నవ్వుకుని ఊరుకుంటాడు.

అయితే ఆ ట్యూబులో వెళ్లింది అతనొక్కడే కాదు. తోడబుట్టిన వాళ్ల డీఎన్‌ఏ సగటున సగం ఒకటే. మేనమామ, మేనకోడలు అయితే నాలుగో వంతు. మేనబావ, మరదలు అయితే ఎనిమిదో వంతు. మేనరికం మీద మేనరికం ఉన్న కుటుంబాల్లో ఈ లెక్క ఇంకా పైకి వెళ్తుంది. అందుకే ఈ యాప్‌ల బంధువుల లిస్టులో మనవాళ్లకి ఎప్పుడూ పేరు కూడా వినని మనుషులు దగ్గరి చుట్టాల్లా కనిపిస్తుంటారు. అన్న డల్లాస్‌లో ఉమ్మితే, గచ్చిబౌలిలో ఏ ఫారం మీదా సంతకం పెట్టని తమ్ముడి గురించి కూడా ఆ సర్వర్‌కి చాలానే తెలిసిపోతుంది.

దీనివల్ల ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, జరిగినవే ఉన్నాయి. కాలిఫోర్నియాలో దశాబ్దాల పాటు దొరకని ఒక హంతకుడిని 2018 ఏప్రిల్‌లో పట్టుకున్నారు. అతను ఏ సైట్‌కీ డీఎన్‌ఏ ఇవ్వలేదు. జెడ్‌మ్యాచ్ అనే సైట్‌లో అతని దూరపు బంధువులు పెట్టుకున్న డేటా నుంచి వంశవృక్షం గీసుకుంటూ వెళ్లి పట్టుకున్నారు. హంతకుడు దొరికాడు, సంతోషమే. అదే ఏడాది సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం సుమారు 13 లక్షల మంది డేటా ఉంటే చాలు, అమెరికాలో యూరప్ మూలాలున్న 60 శాతం మందికి అందులో మూడో తరం కజిన్ స్థాయి బంధువు ఒకరు దొరుకుతారు. ఆ దారి పోలీసులకే కాదు, ఎవరికైనా తెరిచే ఉంటుంది. ఇంట్లో ఎవరికీ చెప్పని దత్తత, ఎవరూ మాట్లాడని సంబంధం, అన్నీ ఒక నోటిఫికేషన్ దూరంలోకి వచ్చేస్తాయి.

2023 అక్టోబర్‌లో 23అండ్‌మీ లీక్ బయటపడింది. కొత్త టెక్నిక్ ఏమీ లేదు. వేరే సైట్లలో లీకైన పాస్‌వర్డులనే ఇక్కడ కూడా వాడినవాళ్ల అకౌంట్లు తెరిచారు. అలా తెరుచుకున్నవి దాదాపు 14 వేలు మాత్రమే. బంధువులను చూపించే ఫీచర్ గుండా అక్కడి నుంచి పాకి చేరింది 69 లక్షల మంది సమాచారానికి. అష్కెనాజీ యూదుల లిస్టు, చైనా మూలాల వాళ్ల లిస్టు అని విడగొట్టి అమ్మకానికి పెట్టారు. డీఎన్‌ఏ డేటా దొంగిలించినవాడికి మొదట తట్టిన ఆలోచనే మనుషుల్ని జాతుల వారీగా విడగొట్టడం. ఇంటిపేరు వినగానే కులం లెక్కేసే మన దగ్గర అలాంటి లిస్టు ఎలా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత 2025 మార్చి 23న ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. దాదాపు కోటిన్నర మంది కస్టమర్ల డేటా వేలంలో ఆస్తిగా మారింది. రెజెనెరాన్ అనే మందుల కంపెనీ 25.6 కోట్ల డాలర్లు పెట్టింది. చివరికి కంపెనీ కో ఫౌండర్ ఆన్ వొజిస్కీ పెట్టిన టీటామ్ అనే లాభాపేక్ష లేని సంస్థ 30.5 కోట్లకు గెలుచుకుంది, జూలైలో డీల్ పూర్తయింది. ఒక్కో కస్టమర్‌కి పంచి చూడండి, 20 డాలర్లు. కస్టమర్లు కిట్ కోసం పెట్టిన డబ్బు అంతకంటే చాలా ఎక్కువ.

మరి మన చట్టం?

అమెరికాలో 2008 నుంచి జినా అనే చట్టం ఉంది. జన్యు సమాచారం చూసి హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ గానీ ఉద్యోగం ఇచ్చే కంపెనీ గానీ వివక్ష చూపకూడదు. లైఫ్ ఇన్సూరెన్స్‌కి మాత్రం అది వర్తించదు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం అసలు లేదు. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం సమ్మతి అడగాలంటుంది, సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు, డేటా తీసేయమనే హక్కు ఇస్తుంది. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, అసలైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. పాత ముసాయిదాల్లో జన్యు డేటాని సున్నితమైన సమాచారంగా వేరు చేశారు. చివరికి వచ్చిన చట్టంలో ఆ విభజనే లేదు. మీ జీనోమ్‌కీ, మీ ఫుడ్ డెలివరీ అడ్రస్‌కీ ఒకటే తరగతి.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక తీర్పు గుర్తుంచుకోవాలి. గుండె కండరం జబ్బున్న ఒక పాలసీదారు క్లెయిమ్‌ని 'జన్యుపరమైన వ్యాధి' అని తిరస్కరిస్తే, ఢిల్లీ హైకోర్టు 2018 ఫిబ్రవరిలో ఆ మినహాయింపు వివక్షేనని చెప్పింది. తర్వాతి నెలలోనే ఐఆర్‌డీఏఐ బీమా కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. మంచిదే, కానీ తీర్పు వేరు, పార్లమెంటు చేసిన చట్టం వేరు. ఉద్యోగంలో ఉన్నంతకాలం కంపెనీ గ్రూప్ పాలసీ కాపాడుతుంది కాబట్టి మన కారిడార్‌లో దీని గురించి ఎవరూ ఆలోచించరు. లేఆఫ్ మెయిల్ వచ్చిన నెలలో సొంతంగా టర్మ్ పాలసీకో హెల్త్ పాలసీకో ప్రపోజల్ ఫారం నింపుతున్నప్పుడు, అందులో అడిగిన ప్రశ్నకి అబద్ధం రాయడానికి లేదు. కిట్ సరదాగా కొన్నదే కావచ్చు, అందులో తెలిసింది మాత్రం మీకు తెలిసిన సంగతే అవుతుంది. కాబట్టి పాలసీ ముందు, కిట్ తర్వాత. ఆ వరుస మార్చొద్దు.

ఇంతకీ కొనాలా?

సరదా కోసమైతే నా ఓటు వద్దనే. ఆ డబ్బుతో మంచి ఇయర్‌బడ్స్ వస్తాయి. ఇంట్లో ఒక జబ్బు తరతరాలుగా కనిపిస్తుంటే కిట్ కాదు, నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడికి వెళ్లండి. ఏ జీన్ చూడాలో వాళ్లు చెబుతారు, అదొక్కటే చూస్తారు. పెళ్లి కుదిరినవాళ్లకి ఇంకా చిన్న పని. దేశంలో 3 నుంచి 4 శాతం మంది బీటా తలసీమియా క్యారియర్లు. హెచ్‌బీ ఏ2 అనే మామూలు రక్త పరీక్షలో ఇది తెలిసిపోతుంది, జీనోమ్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. మేనరికమైతే ఈ టెస్ట్ అస్సలు వాయిదా వేయొద్దు.

మందుల రియాక్షన్ చూసే టెస్ట్ మాత్రం నిజంగా పనికొచ్చేది. స్టెంట్ వేసిన తర్వాత ఇచ్చే క్లోపిడోగ్రెల్ కొందరికి సరిగ్గా పనిచేయదు, సీవైపీ2సీ19 అనే జీన్‌లో తేడా వల్ల. మనవాళ్లలో ఆ తేడా ఉన్నవాళ్లు చాలామందే. నాన్నకి గుండె సమస్య ఉంటే డాక్టర్‌తో ఈ మాట ఎత్తండి.

ఇవన్నీ విన్నాక కూడా కొంటాననేవాళ్లు ఉంటారు, తెలుసు. అలాంటప్పుడు ఆ ఒక్క అకౌంట్ కోసమే వేరే మెయిల్, ఎక్కడా వాడని పాస్‌వర్డ్, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. బంధువులను వెతికే ఆప్షన్ మొదటిరోజే ఆఫ్ చేయండి. రీసెర్చ్ సమ్మతి టిక్ ముందే పెట్టి ఉంటే తీసేయండి, ఇష్టమైతే తర్వాత చదివి ఇవ్వొచ్చు. రిపోర్టు వచ్చాక శాంపిల్ ధ్వంసం చేయమని మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. అన్నిటికంటే ముందు, ఆర్డర్ బటన్ నొక్కేలోపు ఇంట్లో అన్నకో చెల్లికో ఒక మాట చెప్పండి. సగం డేటా వాళ్లది.

అమెరికాలో ఉన్నవాళ్లకి పాత 23అండ్‌మీ అకౌంట్ ఉంటే ఈ ఆదివారం వీడియో కాల్‌లో అడగండి. సెట్టింగ్స్‌లో 23అండ్‌మీ డేటా అనే చోటికి వెళ్లి, కావాలంటే ముందు కాపీ డౌన్‌లోడ్ చేసుకుని, శాశ్వతంగా డిలీట్ అనే ఆప్షన్ నొక్కాలి. తర్వాత మెయిల్‌కి వచ్చే లింకు కూడా నొక్కితేనే పని పూర్తవుతుంది. చాలామంది ఆ మెయిల్ చూడకుండా వదిలేస్తారు, స్పామ్ ఫోల్డర్ కూడా చూడమనండి.